నెమిలిగొంది జాలాడమ్మ, అత్తకాయ

రెండు బోడిగుట్టల నడుమ, రోడ్డు ఇక ముందుకు పోవడానికి చోటు లేక ఆగిపోయిన దగ్గర నెమిలిగొంది ఉంది. బస్సు దిగిన భక్తులు మొదట గోపురం కోసం తలెత్తి వెదుకుతారు. ఇక్కడ గోపురం లేదు, ధ్వజస్తంభమూ లేదు. టీ బంకు పక్క సందులో నడిస్తే నడుమెత్తు రాతిగోడ, దానికొక చెక్క తలుపు, తలుపు వెనుక ఒక పెరడు కనబడతాయి. పడమటి వైపు మునగచెట్లు, నడుమ సొరపందిరి, పందిరి చుట్టూ ఆకుకూర మడులు, చివర నాలుగు అరటి పిలకలు. ఎవరింటి దొడ్లోకో పొరపాటున వచ్చామనుకుని నాలుక కరుచుకుని వెనక్కి తిరిగేవాళ్ళు రోజూ ఉంటారు. తిరగనక్కర్లేదు. అదే గుడి.

పందిరికి ఇవతల నేలమీద పరిచి ఉన్న నల్లబండే అమ్మవారు. మనకు కనబడేది ఆమె వీపు. తరతరాలుగా జనం దానిమీద నిలబడి స్నానాలు చేయడం వల్ల అది నున్నగా అరిగిపోయింది. ముఖం నేలవైపు ఉంటుంది. బండ తలవైపున కింద జానెడు ఖాళీ ఉంది, తోటలోకి పోయే కాలువ మొదలయ్యేది అక్కడే. భక్తులు ఇంటి నుంచి తెచ్చుకున్న చెంబెడు నీళ్ళతో బండమీద నిలబడి కాళ్ళు కడుక్కుంటారు. అవును, అమ్మవారి వీపుమీదనే. తరువాత పక్కన మోకాళ్ళమీద కూర్చుని, ఆ ఖాళీలోకి చెయ్యి పోనిచ్చి, నీళ్ళు కారుతున్న ముక్కునూ పెదవులనూ గడ్డాన్నీ తడిమి కళ్ళకు అద్దుకుంటారు. అన్ని గుళ్ళలో దర్శనం కంటికి. ఇక్కడ చేతికి.

కొత్తగా వచ్చినవారికి ఇది అపచారంగా తోస్తుంది. కాళ్ళు కడుక్కోవడానికి మొహమాటపడి, అమ్మవారికి దూరం నుంచి దండం పెట్టి వెళ్ళిపోయిన పెద్దమనుషులు ఎందరో ఉన్నారు. వారి సంకోచం పోగొట్టడానికే ఈ చిన్న పుస్తకం వేయించాం.

పూర్వం ఇక్కడ పుల్లక్క అనే ఆమె ఇల్లు ఉండేది. మొగుడు పోయాక ఒక్క కొడుకును సాకి పెద్ద చేసిన మనిషి. చెయ్యి పొదుపు, నోరు మాత్రం ధారాళం. ఊళ్ళో ఆమెతో మాట పెట్టుకుని గెలిచినవారు లేరు, అందుకని పెట్టుకునేవారూ తక్కువే. ఆమె కొడుకు వెంగన్న నెమ్మదస్తుడు. తల్లి మాట్లాడటం ఎప్పుడైనా ఆపితే తానూ ఒక మాట అందామని ఎదురుచూస్తూ పెరిగినవాడు. అతనికి ఏటి ఒడ్డు ఊరి నుంచి పిల్లను తెచ్చి చేశారు. ఆ పిల్ల పేరు కదిరమ్మ.

కదిరమ్మ కాపురానికి వస్తూ కొంగుముడిలో విత్తనాలు తెచ్చుకుంది. వాటిలో వాళ్ళమ్మ పెరటి సొరవిత్తనం ఒకటి. ఆ కాయ పొట్టిగా, మెడ లేకుండా ఉంటుంది; ముదిరినా పీచు పట్టదు. అలాంటి సొర ఈ వైపున ఎవరూ చూసి ఎరగరు. పుల్లక్క ముడి విప్పించి చూసి, “ఏమే కదిరీ, సారె అంటే ఇదేనా? మీ అమ్మకు చీరలు దొరకలేదా ఏమి?” అంది. కదిరమ్మ ముడి మళ్ళీ వేసుకుంది.

అత్తవారి పెరడంటే గొడ్లకొట్టం వెనుక రాళ్ళు, ఒక బూడిదకుప్ప, ఒక జాలాడి. ఇంటివెనుక స్నానాలకూ అంట్లు తోమడానికీ బండ పరిచి కట్టుకునే చోటును ఈ సీమలో జాలాడి అంటారు. ఆ బండ ఎవరు తెచ్చారో, ఎక్కడి నుంచి తెచ్చారో వెంగన్న తాతకు కూడా తెలియదు. బాగా వెడల్పుగా ఉంది, జారదు, ఇంకేం కావాలి?

కదిరమ్మ వెంటనే గడ్డపార పట్టలేదు. కొన్నాళ్ళు ఊరికే చూసింది. పొద్దుటి ఎండ ఎక్కడ పడుతుంది, మధ్యాహ్నం ఏ గోడ కాలుతుంది, గాలి ఎటు నుంచి దుమ్ము తెచ్చి పోస్తుంది, ఒక వాన పడితే నీళ్ళు ఏ మూలకు జారతాయి, ఇవన్నీ గమనించింది. కోడలు పని మానేసి గోడల మొహం చూస్తోందని పుల్లక్క వీధంతా చెప్పుకుంది. ఆ తరువాత కదిరమ్మ పడమటి గోడ వెంబడి మునగ, అవిసె నాటింది. సాయంత్రపు ఎండకు అవి అడ్డం. వాటి నీడ చేరేంత మేర ఆకుకూర మడులు చేసింది. నడుమ వెంగన్న చేత గుంజలు పాతించి పందిరి వేయించి దానికి సొర, బీర, చిక్కుడు పాకించింది. పందిరి కింద చల్లదనంలో పసుపు దుంపలు పెట్టింది. నేలలోంచి తీసిన రాళ్ళను పారేయకుండా మడులకు గట్లుగా పేర్చింది. వాకిట్లో నిలబడితే కనబడేలా ఒక పొడుగాటి మడి నిండా కనకాంబరాలు పెట్టింది. ఆ మడి కూరకు కాదు, గొప్పకు. నీళ్ళకు పోయే ఆడవాళ్ళు కడవలు చంకన పెట్టుకుని ఒక్క క్షణం ఆగి చూడాలని ఆమె కోరిక. వాళ్ళు ఆగేవాళ్ళు. అలా ఆగినప్పుడల్లా కదిరమ్మకు ఏదో ఒక పని గుర్తొచ్చి పెరట్లోకి వచ్చేది.

పుల్లక్క ఆ తోటను ఒక్కనాడూ మెచ్చుకోలేదు. సొరకాయ కూర వండిన రోజున మాత్రం రెండోసారి వడ్డించమనేది.

అలా కొన్నేళ్ళు గడిచాక వానలు మొహం చాటేశాయి. మొదటి ఏడు చేలు పోయాయి, రెండో ఏడు వంక ఎండిపోయింది, మూడో ఏటికి ఊరంతటికీ ఒక్క ఊరబావే దిక్కయింది. అందులోనూ నీళ్ళు అడుగున మెరుస్తున్నాయంతే. అప్పుడు ఊరిపెద్ద బసిరెడ్డి అందరినీ పిలిచి ఒక కట్టుబాటు చేశాడు. ఆయన కఠినుడే గాని అన్యాయస్తుడు కాదు. మనిషికింత, గొడ్డుకింత అని ఇంటింటికీ నీళ్ళు ఏర్పాటు చేశాడు. బావినీళ్ళు మొక్కలకు పోయరాదన్నాడు. పోసిన ఇంటి చేంతాడు బావిలో దిగరాదన్నాడు. చేంతాడు దిగకపోతే ఆ ఇంటివాళ్ళు మూటలు కట్టుకుని ఊరు వదలడం తప్ప వేరే దారి లేదు. ఆ కట్టుబాటుకు అందరూ తలూపారు. కదిరమ్మ కూడా ఊపింది, కాదనడానికి ఏముంది?

ఆ ఏడే ఆమెకు మరి రెండు దెబ్బలు తగిలాయి. పుట్టింటి ఊళ్ళో ఏరు ఇసుకై, జనం తలో దిక్కుకు వలసపోయారు. అమ్మ పెరట్లో ఒక్క తీగ మిగల్లేదని కబురు వచ్చింది. ఇంకో నెలకు, ఉట్టిమీద విత్తనాలు పోసి దాచిన సొరబుర్రను ఎలుకలు కొరికి ఖాళీ చేశాయి. అమ్మ సొర అనేది ఇక లోకంలో ఉంటే గింటే పందిరిమీద ఉన్న ఆ ఒక్క తీగలోనే ఉంది. ఆ తీగకు కాయ పట్టి, ముదిరి, ఎండి, విత్తనం చేతికి వచ్చేదాకా అది బతకాలి. కదిరమ్మ ఆ రోజుల్లో దేవుడిని వేరే ఏదీ అడగలేదు.

బావినీళ్ళు పోయరాదన్నారు, సరే. ఒళ్ళు కడిగిన నీళ్ళ సంగతి, అంట్లు తోమిన నీళ్ళ సంగతి కట్టుబాటులో లేదు. కదిరమ్మ జాలాడి పక్కన తొట్టి పెట్టి, స్నానాల నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు చిప్పతో ఎత్తి పోసుకుంది. కానీ బండ గోడవైపు వాలి ఉంది. కట్టిన పెద్దలకు నీళ్ళు ఇంట్లో నిలవకుండా సందులోకి పోతే చాలు. పడిన నీళ్ళలో సగానికి పైగా బండ కిందికి దిగి గోడ అవతల ఇంకిపోయేవి. ఆమె చేతికి దక్కేది కొంచెం.

ఆ కొంచెంతోనే ఆమె ఒక పొరపాటు చేసింది. తన చేత్తో నాటిన దేన్నీ చావనివ్వడానికి మనసొప్పలేదు. సొరకు ఒక చిప్ప, బీరకు ఒక చిప్ప, మడికొక చిప్ప, కనకాంబరాలకూ ఒక చిప్ప, పంక్తిలో వడ్డించినట్టు అన్నిటికీ సమంగా పోసింది. పై మన్ను తడిసేది, పొద్దెక్కేసరికి ఆరిపోయేది. మొక్కలు ఒకదాని వెంట ఒకటి కాకుండా అన్నీ కలిసి వాడటం మొదలుపెట్టాయి. నీళ్ళు చాలలేదనుకుని ఆమె స్నానం మానేసి ఆ వాటా పోసింది. అదీ చాలక తాను తాగే నీళ్ళలోంచి తీసింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఒక మిట్టమధ్యాహ్నం చిప్ప చేత్తో పట్టుకుని జాలాడి దగ్గరికి వచ్చి, కళ్ళు తిరిగి బండమీద పడిపోయింది.

చెంప బండకు ఆని ఉండగానే ఆమెకు కల వచ్చింది. తడిజుట్టు విరబోసుకున్న ఒక ఆడమనిషి, మొహం నిండా మన్నుతో, ఎదురుగా కూర్చుని ఉంది.

“మ్మే, చూడిట్ల,” అంది ఆ మనిషి. “మీ ఇంటోళ్ళు నా వీపు మీద నీళ్ళు పోసుకోబట్టి ఎన్ని తరాలాయనో నాకే గుర్తు లేదు. ఏమన్నా అంటినా? నా తల గోడ దిక్కు పెట్టి పండబెట్టినారు. నీళ్ళన్నీ నా మొగం మీద పారి సందులోకి పోతాండాయి. నా తల తోట దిక్కు తిప్పు.”

“తిప్పుతా తల్లీ. తిప్పితే తోట బతుకుతాదా?” అని అడిగింది కదిరమ్మ.

“తోటంతా యాడ బతుకుతాది? అన్నీ నా బిడ్డలే అని తలా గుక్కెడు పోసి అన్నిటినీ చంపుతాండావు. పైపైన తడిపితే వేర్లు పైకొస్తాయి, వచ్చినవాటిని ఎండ కాలుస్తాది. ఏవి ఉండాల్నో నువ్వే ఎంచుకో. వాటికి పొద్దు వాలినాక కడుపు నిండా పోయి. మళ్ళీ అవి అడిగేదాంక ఊరికే ఉండు. తక్కినవి నీ చేత్తోనే పీకు. పీకినవి పారెయ్యొద్దు, బతికేవాటి మొదట్లో పరుచు. వేర్లకు ఎండ తగలదు.”

కదిరమ్మ కళ్ళు తెరిచేసరికి తల అత్త ఒళ్ళో ఉంది. పుల్లక్క తన వాటా చెంబు కోడలి నోటికి ఆనించి, “చావాలంటే మీ అమ్మగారింట్లో చావాల గాని నా జాలాడి కాడ ఏం పని?” అని తిడుతోంది, తిడుతూనే తాగిస్తోంది. కదిరమ్మ గుక్క తిప్పుకుని కల చెప్పింది. పుల్లక్క అంతా విని చెంబు కింద పెట్టింది.

“కలలోకి వచ్చి కూడా నిన్నే తిట్టిందా?” అంది. “అయితే దేవతే. సందేహం లేదు.”

ఆ సాయంత్రం కదిరమ్మ ఎంచుకుంది. సొరతీగ, మునగ, ఒక మడి తోటకూర ఉండాలి. బీర, చిక్కుడు, పసుపు, తక్కిన మడులు పోవాలి. కనకాంబరాల దగ్గరికి వచ్చేసరికి ఆమె ఆగిపోయింది. మొక్కలు ఇంకా పూర్తిగా చావలేదు, రెండు మూడు కొమ్మలకు పూలు కూడా ఉన్నాయి. ఇంటివాళ్ళు చూస్తారన్న సిగ్గు కూడా లేకుండా మడిలో కూర్చుని ఏడ్చింది. ఏడుస్తూనే ఒక్కొక్క మొక్కనూ వేళ్ళతో సహా పీకి, తీసుకుపోయి సొర మొదట్లో మందంగా పరిచింది. వాకిట్లోంచి చూసేవాళ్ళకు ఇక చూడటానికి ఏమీ మిగల్లేదు.

మరునాడు వెంగన్న ఇరుగుపొరుగు మగవాళ్ళను ముగ్గురిని పిలిచాడు. నలుగురూ గడ్డపారలు వేసి జాలాడి బండను ఎత్తారు. అడుగువైపు మట్టిలోంచి ఒక ముఖం బయటపడింది. విశాలమైన కళ్ళు, చిన్న ముక్కు, ఒక పక్కకు కాస్త ఒత్తిన పెదవులు. ఏదో అనబోయి ఊరుకున్నట్టున్న ముఖం. నలుగురూ బండను అట్లాగే పట్టుకుని నిలబడిపోయారు. పుల్లక్క రెండు చెంపలూ వాయించుకుని, “నా తల్లీ, పెండ్లయిన కాడ్నుంచి నీ వీపు మీదనే కదమ్మా పోసుకున్న్యా!” అని బావురుమంది. ఆమె ఏడవడం వెంగన్న అంతకుముందు చూడలేదు.

మధ్యాహ్నానికి ఊరంతా పెరట్లో ఉంది. బసిరెడ్డి వచ్చాడు, పూజారి ఓబులయ్య వచ్చాడు. వానలు ఎందుకు పడటం లేదో జనానికి ఒక్కసారిగా అర్థమైపోయింది. దేవతను బోర్లాపడేసి తొక్కిన ఊళ్ళో వాన ఎట్లా పడుతుంది? చేసిన పాపం కడుక్కోవాలి. అమ్మవారిని గోడకు చేర్చి నిలబెట్టాలని, అరుగు కట్టాలని, వాన పడేదాకా రోజూ ఊరబావి నుంచి నిండు కడవలతో అభిషేకం చేయాలని నిర్ణయించారు. ఒక్కొక్క ఇల్లూ తన వాటాలోంచి ఒక కడవ ఇవ్వాలి. జాలాడిలో ఇక ఎవరూ నీళ్ళు పోసుకోరాదు. వాళ్ళలో ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. భయపడిన మనుషులు భక్తితో చేసిన పని అది.

కదిరమ్మ ధైర్యం చేసి ముందుకు వచ్చింది. “బసిరెడ్డి మామా, అమ్మ లేపమనలేదు. తల తోట దిక్కు తిప్పమనింది, అంతే.”

“అట్లని నువ్వు చెప్తాండావు మ్మా,” అన్నాడు బసిరెడ్డి, కోపం లేకుండానే. “కండ్లెదురుగా మొగం కనపడినాక మళ్ళీ బోర్లేసి తొక్కమంటావా? ఆ మాట నేను చెప్తే ఊరు ఒప్పుకుంటాదా?”

కదిరమ్మ పక్కకు తప్పుకుంది. అమ్మవారిని నిలబెట్టారు. కడవలు వచ్చాయి. పోసిన నీళ్ళు అమ్మవారి ముఖం మీదుగా జారి, గోడ కిందుగా సందులోకి పోయి ఇంకాయి. జాలాడి మూతబడటంతో తోటకు చిప్పెడు నీళ్ళు కూడా లేవు. సొరతీగకు అప్పుడే ఒక పిందె పడి ఉంది. కదిరమ్మ గడప మీద కూర్చుని, సందులోకి పోతున్న నీళ్ళను, పందిరిమీద వాలిపోతున్న ఆకులను మార్చి మార్చి చూసింది. అంత నీరసంగా ఆమె ఎన్నడూ లేదు.

తెల్లవారి ఓబులయ్య వచ్చి చూస్తే అమ్మవారు నిలబడి లేదు. పాత చోటనే, బోర్లా పడుకుని ఉంది. తల మాత్రం తోటవైపు ఉంది. మనుషులను పిలిచి మళ్ళీ నిలబెట్టి, మళ్ళీ అభిషేకం చేశారు. ఆ మరునాడూ అంతే. ఇది ఎట్లా జరిగిందన్న విషయంలో ఊళ్ళో ఇప్పటికీ రెండు మాటలు వినిపిస్తాయి. అమ్మవారి మహిమ అని ఎక్కువమంది అంటారు. వెంగన్న, ఆ ముగ్గురు ఇరుగుపొరుగు వాళ్ళు అని కొందరంటారు. మేము మొదటి మాటే నమ్ముతాం. వెంగన్న వంశంవారు ఈ విషయం అడిగితే నవ్వి ఊరుకుంటారు.

బసిరెడ్డికి మాత్రం అనుమానం కదిరమ్మ మీదికి పోయింది. జనం ముందే అడిగాడు. కదిరమ్మ నోరు తెరవకముందే పుల్లక్క అందుకుంది.

“ఏం రెడ్డీ, నలుగురు మగోళ్ళు గసపోసుకుంటా లేపిన రాయిని నా కోడలొక్కతే పడేసిందంటావా? అట్లయితే మీరు మొక్కాల్సింది రాతికి కాదు, నా కోడలికి.”

జనంలో నవ్వులు లేచాయి. బసిరెడ్డి నవ్వలేదు. బండను మళ్ళీ నిలబెట్టి, ఈసారి పడకుండా మేకులు దిగ్గొట్టి మోకులతో కట్టమన్నాడు. మనుషులు మోకులు తెచ్చేలోగా పుల్లక్క ఇంట్లోకి పోయి, ఆ రోజు తనకు వచ్చిన స్నానపు కడవ ఎత్తుకుని వచ్చింది. అడ్డం వచ్చినవాళ్ళను మోచేత్తో తోసుకుంటూ నేరుగా పోయి, ఊరంతా చూస్తుండగా అమ్మవారి వీపుమీద చతికిలబడి కూర్చుంది. కట్టుకున్న చీరతోనే కడవ నెత్తిమీద కుమ్మరించుకుంది.

జనం హాహాకారాలు చేశారు. నీళ్ళు మాత్రం ఎవరి మాటా వినలేదు. బండమీద నుంచి జారి, తలవైపుకు చేరి, కిందనున్న ముఖాన్ని తడుపుకుంటూ మడుల నడుమ ఎండిపోయి ఉన్న కాలువలో పడి, నేరుగా సొర మొదటికి పోయి, అక్కడ పరిచిన కనకాంబరాల కింద ఇంకాయి. దారిలో ఒక్క చుక్క సందులోకి పోలేదు.

“పుల్లక్కా! కట్టుబాటు మర్చిపోయినావా? మొక్కలకు నీళ్ళు పొయ్యగూడదు!” అని అరిచాడు బసిరెడ్డి.

“నేను మొక్కలకు పోసినానా?” అంది పుల్లక్క ముఖం తుడుచుకుంటూ. “నా వాటా నీళ్ళు నా నెత్తిన పోసుకుంటి. ఆడ్నుంచి యాటికి పోతాయో వాటి ఇష్టం. నువ్వు కడవలకు కడవలు సందులోకి పారబోస్తాండావే, దానికేం కట్టుబాటు ఉండాది?”

బసిరెడ్డి బావి దిక్కు తిరిగి చూశాడు. బావి అడుగు రోజురోజుకూ ఎంత కిందికి పోతోందో అందరికంటే ఆయనకే బాగా తెలుసు. రోజూ తొంగి చూసేది ఆయనే. ఇంతలో ఓబులయ్య వంగి, కాలువ మొదట చెయ్యి లోపలికి పెట్టి తడిమాడు. చెయ్యి బయటికి తీసి తడి కళ్ళకు అద్దుకున్నాడు.

“అభిషేకమంటే అమ్మ మొగం తడవడమే కదప్పా,” అన్నాడు మెల్లగా. “తడిసింది. చల్లగుంది.”

ఆ మాటతో మోకులు పక్కకు పోయాయి. మరునాడు తెల్లవారుతూనే బసిరెడ్డి తన స్నానపు చెంబు తానే మోసుకుని సందులోంచి వచ్చాడు. ఏమీ అనకుండా బండమీద నిలబడి స్నానం చేసి, వంగి అమ్మవారి గడ్డం తాకి వెళ్ళాడు. ఆ వెంట ఊరూ వచ్చింది. వెంగన్న తడికెలు కట్టాడు. పొద్దున మగవాళ్ళు, పొద్దెక్కాక ఆడవాళ్ళు. బావిలోంచి అమ్మవారి కోసం ఒక్క చుక్క తోడనక్కర్లేదు. ఎవరి ఒంటికి పోసుకునే నీళ్ళే వాళ్ళు ఇక్కడికి తెచ్చి పోసుకునేవారు, అవే తోటకు పోయేవి. కదిరమ్మ వాటిని ఇష్టం వచ్చినట్టు పారనివ్వలేదు. చిల్లిపడిన కుండలను మొదళ్ళలో మెడదాకా పాతి వాటిలోకి కాలువ మళ్ళించింది. నీరు వేర్లకే దిగేది. ఇరుగుపొరుగు దగ్గర విత్తనం తెచ్చి బీర మడి మళ్ళీ వేసింది, తోటకూర పెంచింది. వచ్చినవాళ్ళ చేతిలో పోయేటప్పుడు గుప్పెడు ఆకు పెట్టేది. చేలు పండని ఆ ఏట ఊరు తిన్న పచ్చనిది అదొక్కటే. కనకాంబరాలు మాత్రం ఆమె మళ్ళీ పెట్టలేదు. పెట్టమని కొందరు అడిగినా నవ్వి మాట మార్చేది.

సొరపిందె కాయ అయింది. పొట్టిగా, మెడ లేకుండా, అచ్చం అమ్మ పెరటి కాయ. ఆ తీగ అంతకుమించి మోయలేదు, ఒక్కటే కాసింది.

ఆ రోజుల్లోనే పుల్లక్క మంచం పట్టింది. వయసు, ఆకలి, ఎండ మూడూ కలిసి వచ్చాయి. జ్వరం దిగని ఒక పూట కోడలిని పిలిచి, “కదిరీ, సొరకాయ కూర తినాలనుంది మే,” అంది. కాపురానికి వచ్చినప్పటి నుంచి అత్త నోటి వెంట ఆ మాట వినడం కదిరమ్మకు అదే మొదలు. వడ్డించమనేదే గాని, కావాలని ఎన్నడూ అనలేదు.

కదిరమ్మ కత్తిపీట తీసి సిద్ధంగా పెట్టి పందిరి కిందికి పోయింది. కాయ ఇంకా లేతగానే ఉంది, కూరకు సరైన సమయం. ఇప్పుడు కోస్తే అమ్మ సొర ఇంతటితో సరి. కోయకపోతే అత్త అడిగిన ఒక్క కోరికా తీరదు. ఆమె ఎంతోసేపు ఆలోచించలేదు. విత్తనం పోతే పోయింది, మనిషి కంటే విత్తనం ఎక్కువా అనుకుని కాయను చేతిలోకి తీసుకుంది. కళ్ళ నిండా నీళ్ళు ఉండటం వల్ల, అత్త గోడ పట్టుకుని గడప దాకా వచ్చిన సంగతి చూడలేదు.

“చెయ్యి తియ్యి,” అంది పుల్లక్క.

“నువ్వే కదత్తా అడిగితివి?”

“అడుగుతా. నోరుండాది, అడుగుతాది. ఇయ్యమంటినా? ఇత్తనానికి ఉండనీ. మీ అమ్మ సారె పెట్టిందే అదొకటి.” అంతమాత్రానికే ఆయాసం వచ్చి గడపమీద కూర్చుండిపోయింది. కదిరమ్మ పరుగున పోయి పట్టుకుంది. ఇద్దరూ అక్కడే చాలాసేపు కూర్చున్నారు. పుల్లక్క కాయనే చూస్తూ ఉంది. ఆ పూట కదిరమ్మ తోటకూర పులుసు చేసి కలిపి తినిపించింది. పుల్లక్క దానికీ వంక పెట్టింది, ఉప్పు చాలలేదని.

వాన రాకముందే పుల్లక్క కన్ను మూసింది. ఆమెకు చివరి స్నానం జాలాడి బండమీదనే చేయించారు, ఆమె అలవాటు ప్రకారం. నీళ్ళు పోసేముందు ఒక పెద్దాయన కాలువకు మట్టి అడ్డం వేయబోయాడు. “శవానికి పోసిన నీళ్ళు మైల, తోటలోకి పోగూడదు,” అన్నాడు. కదిరమ్మ అత్త తల దగ్గర నుంచి లేచి వచ్చి ఆ మట్టిని చేత్తో తీసేసింది.

“పోనీ మామా. మా అత్త ఆ కాయను తినలేదు. ఆ కాయనన్నా మా అత్త నీళ్ళు తాగనీ.”

పెద్దాయన చేతులు దులుపుకుని వెనక్కి జరిగాడు. నీళ్ళు అమ్మవారి ముఖం తడుపుకుంటూ కాలువలో పడి సొర మొదటికి పోయాయి. అదే ఆ తీగకు ఎండాకాలపు ఆఖరి తడి.

కర్మ కాకముందే ఆకాశం మూసుకుంది. వాన పడింది, వంక పారింది, బావి ఊరింది. పందిరిమీద కాయ ముదిరి, ఎండి, ఊపితే లోపల విత్తనాలు గలగలమనేదాకా కదిరమ్మ దాన్ని తాకలేదు. ఆ తరువాత పగలగొట్టి, విత్తనాలను చేటలో పోసుకుని గడప గడపకూ తిరిగింది. ఒక్క ఇంట్లోనే దాచుకుంటే ఏమవుతుందో ఆమెకు ఎలుకలు నేర్పాయి. మొదటి ఇల్లు బసిరెడ్డిది. ఆయన రెండు చేతులూ పట్టాడు. ఆమె విత్తనాలు పోసి, “కాసిన మొదటి కాయ కొయ్యొద్దు మామా. అది మా అత్తది,” అంది.

ఈనాటికీ నెమిలిగొందిలో ఏ పందిరిమీదైనా మొదట కాసిన సొరకాయను కోయరు. దానికో దారం కట్టి విత్తనానికి వదులుతారు. దాన్ని అత్తకాయ అంటారు. కోడళ్ళు ఎంత ముద్దుగా చూసుకున్నా అత్తలు ఆ కాయ వంక తిరిగి వంకలు పెట్టడం కూడా ఆచారంలో భాగమే అయిపోయింది.

గుడి తోటను వెంగన్న వంశంలోని కోడళ్ళే చూస్తారు, కూతుళ్ళు కాదు. ఇప్పుడు చూస్తున్నది ఓబుళేశ్వరి. ఊళ్ళోకి కుళాయిలు వచ్చాయి, అవి ఎండాకాలంలో ఆగిపోవడమూ వచ్చింది. ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టే నెలల్లోనే ఇక్కడ భక్తులు ఎక్కువ. పట్నాల నుంచి కూడా వస్తారు. డాబామీద కుండీల్లో మొక్కలు పెంచేవాళ్ళు, నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చే వీధుల వాళ్ళు. తోట పచ్చగా ఉండాలని, ఇంట్లో అత్తాకోడళ్ళు సఖ్యంగా ఉండాలని మొక్కుకుంటారు. మొదటి కోరిక తప్పక తీరుతుందని మా అనుభవం.

భక్తులకు ఒక మనవి. అమ్మవారికి కొబ్బరినీళ్ళు, పాలు, బావినీళ్ళు తేకండి, ఆమె తీసుకోదు. మీ ఇంటి నుంచి మీ కాళ్ళకు చాలినన్ని నీళ్ళు తెచ్చుకోండి. కనకాంబరాలు మాత్రం తేవచ్చు. వాటిని బండమీద పెట్టరు, సొర మొదట్లో పరుస్తారు.

పోయేటప్పుడు ఓబుళేశ్వరి మీ చేతిలో రెండు సొరవిత్తనాలు పెడుతుంది. మీ చెయ్యి ఇంకా తడిగానే ఉంటుంది, అమ్మవారి గడ్డం తాకిన చెయ్యి కదా. ఓబుళేశ్వరికి మాట్లాడే అలవాటు తక్కువ. విత్తనాల మీదుగా మీ వేళ్ళు మూసి, ఒక్క మాట చెప్పి పందిరి కిందికి వెళ్ళిపోతుంది.

“మొదటిది కొయ్యొద్దు. అత్త అడుగుతాది, అయినా ఇయ్యొద్దు.”